వెలిగిన లైటును నమ్ముకుని

ల్యాప్‌టాప్‌కి ఏదైనా తగిలించినప్పుడు అది ఉలకకపోతే, పలకకపోతే నేను చేసే మొదటి పని డివైస్ మేనేజర్ తెరవడం. అందులో పసుపు త్రికోణం ఎక్కడుందా అని వెతకడం. కనిపిస్తే డ్రైవర్ అప్‌డేట్, అది కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్, ఆపైన రీస్టార్ట్. ఈ వరస నాకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఎదుటి మనిషి వైరు గురించి ఏదో చెప్పబోతున్నా చెవికెక్కేది కాదు. వైరు తీసి పెట్టడం ఎవరైనా చేస్తారు, నన్ను పిలిచింది అందుకు కాదుగా అని లోపల ఒక అతిశయం. ఆ అతిశయం ఖరీదు ఒక పెళ్లి వీడియో. అదీ మా సొంత మేనమామ స్టూడియోలో.

ఈ జబ్బు నాకు పాతరోజుల్లో పట్టుకుంది. నేను కంప్యూటర్ మీద చెయ్యి వేసింది విండోస్ 98 నడుస్తున్నప్పుడు. పెన్‌డ్రైవ్ కొంటే దాంతోపాటు బుల్లి సీడీ ఒకటి ఇచ్చేవారు. ఆ సీడీలోని డ్రైవర్ ఎక్కించకపోతే విండోస్ 98కి పెన్‌డ్రైవ్ అనేదొకటి ఉందనే తెలిసేది కాదు. అప్పటికి యూఎస్‌బీ కొత్త. దాని మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. అంతకుముందు మౌస్‌కి ఒక రంధ్రం, కీబోర్డుకి ఇంకొకటి, ప్రింటర్‌కి జానెడు వెడల్పు పిన్నుల వరస. వీటన్నిటికీ ఒకే ప్లగ్గు ఉంటే బాగుండునని ఇంటెల్‌లో పట్టుబట్టినవారు అజయ్ భట్, వడోదరలో ఇంజనీరింగ్ చదివిన మనవాడే. ఆ కొత్తలో అది ఎవరి మాటా వినేది కాదు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో బిల్ గేట్స్ వేదిక మీద నిలబడి ఉండగానే, విండోస్ 98కి స్కానర్ తగిలించగానే నీలం తెర పడింది. హాలు హాలంతా నవ్వింది. ఇది ఇంకా అమ్మకానికి రాకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుందని ఆయనే నవ్వేసి ఊరుకున్నాడు. అటువంటి కాలంలో చెయ్యి తిరిగినవాణ్ణి కాబట్టి, తప్పంటూ ఉంటే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుందని నా బుర్రలో అచ్చు పడిపోయింది. కాలం మారింది, విండోస్ మారింది, నా అచ్చు మాత్రం చెరగలేదు.

దీనికి తోడు నాకు లైట్ల మీద గుడ్డి నమ్మకం. పరికరం మీద చిన్న లైటు వెలిగిందంటే వైరూ పోర్టూ బాగున్నట్టేనని తేల్చేసేవాణ్ణి. "లైటు వెలుగుతోందిగా" అన్నది నా ఊతపదం.

మనమందరం వాడే ఆ పాత వెడల్పాటి యూఎస్‌బీ ప్లగ్గును ఎప్పుడైనా వెలుతురులో పట్టుకుని లోపలికి చూడండి. బంగారు రంగు పట్టీలు నాలుగు కనిపిస్తాయి. కాస్త పరీక్షగా చూస్తే చివర్లలో ఉన్న రెండు, మధ్యలో ఉన్న రెండింటికన్నా ముందుకు ఉంటాయి. చివరివి రెండూ కరెంటువి: 5 వోల్టులు ఒకదానిలో, గ్రౌండ్ ఇంకోదానిలో. మధ్యవి రెండూ సమాచారానివి. ప్లగ్గు లోపలికి వెళ్తున్నప్పుడు ముందు కరెంటు అందాలి, పరికరం మేలుకోవాలి, ఆ తర్వాతే మాటలు మొదలవ్వాలి అని కావాలనే అలా పెట్టారు. కాబట్టి లైటు వెలిగిందంటే చివరి రెండు పట్టీలు తగిలాయని మాత్రమే అర్థం. మధ్యవాటి సంగతి లైటుకు తెలియదు.

మాటలు మొదలయ్యాక జరిగేది అచ్చం పెళ్లిచూపుల తంతు. నీ పేరేంటి, గోత్రమేంటి అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. పరికరం తన తయారీదారు నంబరు, తన మోడల్ నంబరు చెప్పుకుంటుంది. అది విన్నాక ల్యాప్‌టాప్ సరిపడే డ్రైవర్ వెతుకుతుంది. డ్రైవర్ వంతు వచ్చేది ఇంత జరిగాక. 'గుర్తు తెలియని యూఎస్‌బీ పరికరం, డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని వచ్చిందంటే, పేరు అడిగితే జవాబు రాలేదనో, వచ్చింది అర్థం కాలేదనో. కోడ్ 43 అని పక్కనే ఉంటుంది. పేరే చెప్పలేని పరికరానికి నేను డ్రైవర్లు వెతికి వెతికి ఎక్కించిన సందర్భాలు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

మా పిన్ని కూతురు ఫోన్ మార్చుకుంటూ, పాతదాంట్లో ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టమంది. వైరు తగిలించాను. ఫోన్ ఛార్జ్ అవుతోంది, ల్యాప్‌టాప్‌లో చడీచప్పుడూ లేదు. ఫోన్ కంపెనీ డ్రైవర్ దింపాను. పాతది తీసి ఇంకో వెర్షన్ వేశాను. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ దాకా వెళ్లాను. మధ్యలో చెల్లెలు "అన్నయ్యా, వైరేమైనా..." అని నసిగింది. "ఛార్జ్ అవుతోందిగా అమ్మా, వైరుకేం రోగం" అన్నాను. చివరికి దాని కూతురు, ఎనిమిదో క్లాసు పిల్ల, మిక్సీ పక్కన వేలాడుతున్న వేరే కేబుల్ పట్టుకొచ్చి మాటామంతీ లేకుండా తగిలించింది. ఫోన్ తెర మీద 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' కావాలా అని వచ్చింది. నేను వాడింది ఏ పవర్ బ్యాంకుతోనో వచ్చిన చౌకరకం కేబుల్. దాని లోపల తీగలు రెండే, కరెంటువి. సమాచారం మోసే తీగలు అసలు పెట్టనే లేదు. అలాంటి కేబుల్‌తో ఫోన్ నిండుగా ఛార్జ్ అవుతుంది, పదేళ్లు కూర్చున్నా ఒక్క ఫొటో రాదు.

అంతటితో బుద్ధి రావలసింది. రాలేదు.

మా మామయ్యకి తణుకులో ఫొటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు టీములు తిరుగుతాయి, వెనక గదిలో మిక్సింగ్, కరిజ్మా ఆల్బమ్ డిజైనింగ్. ఆ మాఘమాసం ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో ఫోన్ చేశాడు. "ఒరేయ్, హార్డ్‌డిస్క్ వస్తోంది పోతోంది, దయ్యం పట్టినట్టుంది, ఒక్కసారి వచ్చి చూసిపోరా."

వెళ్లాను. కొత్త ల్యాప్‌టాప్, బాగా పల్చనిది, పోర్టులు రెండంటే రెండే. ఒకదానికి మౌస్. రెండోదానికి నాలుగు రంధ్రాల హబ్ వేలాడుతోంది. ఆ హబ్‌కి కార్డ్ రీడర్, పెన్‌డ్రైవ్, రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు. హబ్‌కి సొంత అడాప్టర్ లేదు. ఇదంతా ఇప్పుడు కళ్లకు కట్టినట్టు చెబుతున్నానుగానీ, ఆ రోజు నేను దానివైపు చూసింది కూడా లేదు. నా చూపంతా తెర మీదే. డిస్క్ మీద నీలం లైటు చక్కగా వెలుగుతోంది మరి.

డిస్క్ తగిలిస్తే విండోస్ చేసే చప్పుడు మీకు తెలుసు, పైకి లేచే రెండు స్వరాలు. తీస్తే కిందికి దిగే రెండు స్వరాలు. ఆ గదిలో అవి ఒకదాని వెంట ఒకటి, లేస్తూ దిగుతూ, ఆగకుండా మోగుతున్నాయి. డిస్క్ దగ్గర చెవి పెడితే టిక్, కాసేపు ఆగి మళ్లీ టిక్. అంతకన్నా తేటగా ఏ పరికరమూ తన బాధ చెప్పుకోదు. లోపలి పళ్లెం తిరగడం మొదలుపెడుతోంది, కరెంటు చాలక ఆగిపోతోంది, మళ్లీ మొదలుపెడుతోంది. యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం ల్యాప్‌టాప్ పోర్టు ఒకటి ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. యూఎస్‌బీ 3.0 అయితే 900. సొంత అడాప్టర్ లేని 2.0 హబ్ ఆ 500నే పంచిపెట్టాలి, ఒక్కో రంధ్రానికి లెక్కగా దక్కేది 100. తిరిగే పళ్లెమున్న డిస్క్ మొదలయ్యే క్షణంలో అడిగేది అంతకు ఎన్నో రెట్లు. ఒకటే డిస్క్ ఉన్నన్నాళ్లు ఎలాగో నెట్టుకొచ్చింది, సీజన్ వచ్చి రెండోది తగిలించేసరికి రెండూ పస్తు.

నేనేం చేశాను? ఆ చప్పుడు చికాకుగా ఉందని సౌండ్ మ్యూట్ చేశాను.

తర్వాత డివైస్ మేనేజర్. అక్కడ యూఎస్‌బీ కంట్రోలర్ల పేర్లు వరసగా ఉంటాయి, అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్లీ తాజాగా ఎక్కించుకుంటుందని ఎక్కడో చదివాను. ఒక్కొక్కటే తీసేస్తుంటే మధ్యలో మౌస్ బాణం తెర నడుమ కట్టెలా నిలబడిపోయింది. మౌస్ కూడా యూఎస్‌బీదే కదా. ల్యాప్‌టాప్ కాబట్టి టచ్‌ప్యాడ్ బతికి ఉంది, డెస్క్‌టాప్ అయితే కీబోర్డు కూడా పోయి పవర్ బటన్ తప్ప గతి ఉండేది కాదు. రీస్టార్ట్ అయ్యాక కూడా డిస్క్ తీరు మారలేదు. ఉచితంగా డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తానన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దింపాను. అది డ్రైవర్ల సంగతి పక్కనపెట్టి బ్రౌజర్ హోమ్‌పేజీ మార్చి, మామయ్య మిషన్‌లో ఇంకో రెండు దిక్కుమాలినవాటిని తెచ్చిపెట్టింది. మామయ్య పక్కన స్టూలు మీద కూర్చుని అన్నీ చూస్తున్నాడు. చూసేవాళ్లుంటే నా చేతులు ఇంకా వేగంగా పోతాయి.

విసుగొచ్చి డిస్క్‌ని హబ్ నుంచి లాగి ల్యాప్‌టాప్‌కే నేరుగా పెట్టాను. లాగేటప్పుడు దాని లైటు టపటపా కొట్టుకుంటోంది, అంటే ఏదో రాస్తోంది. సేఫ్లీ రిమూవ్ అనే మర్యాద ఒకటుందని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే. నేరుగా పెట్టగానే డిస్క్ టిక్కులు మాని నున్నగా తిరిగింది. అక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే జబ్బేమిటో తేలిపోయేది. కానీ తెర మీద వేరే ప్రశ్న వచ్చి కూర్చుంది: ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?

"ఏంట్రా అడుగుతోంది?" అన్నాడు మామయ్య.

"ఏం లేదు మామయ్యా, ఇందులో ఉన్నది ఇంకోచోట కాపీ ఉందిగా?"

"ఆ, ఉంటుంది."

ఉందో లేదో చూడలేదు. ఆయన 'ఉంటుంది' అన్నది మొదటి డిస్క్ గురించి. నేను అడిగింది రెండోదాని గురించి. ఓకే నొక్కాను.

ఆ డిస్క్‌లో ఉన్నవి, ఇంకెక్కడా లేనివి, ఆ సీజన్ పెళ్లిళ్లు. కెమెరా కార్డులు ఎప్పటికప్పుడు ఖాళీ చేసి మళ్లీ వాడతారు కదా, వాటిలో కొత్త ముహూర్తాలు ఎక్కేశాయి.

ఫార్మాట్ అడిగిందంటే డిస్క్ ఖాళీ అని కాదు. ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకున్న పట్టిక చెడిపోయి చదవలేకపోతున్నానని విండోస్ తన భాషలో మొత్తుకోవడం అది. కరెంటు ఆగి ఆగి, ఆపైన నేను లాగి, ఆ పట్టిక చెడింది. ఆ దశలో డిస్క్ మొత్తానికి నకలు ఒకటి తీసుకుని, ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్ లాంటి సాధనంతో పట్టిక బాగుచేసుకునే వీలు చాలావరకు ఉంటుంది. నేను ఓకే నొక్కి పాత పట్టిక స్థానంలో కొత్తది రాయించాను. ఒక్క అదృష్టం, 'క్విక్ ఫార్మాట్' దగ్గర టిక్ ముందే పెట్టి ఉంటుంది. క్విక్ అయితే పట్టిక మాత్రమే మారుతుంది, ఫొటోలు ఉన్నచోటే ఉంటాయి. ఆ టిక్ తీసేసి ఉంటే, విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు రాసేస్తుంది, ఇక దేవుడు దిగివచ్చినా రాదు.

ఫొటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పట్టికతో పని లేకుండా డిస్క్ అంతా గాలించి, ఫలానా గుర్తుతో మొదలైతే అది జేపెగ్ బొమ్మ, ఫలానా అయితే వీడియో అని పోల్చి బయటికి తీస్తుంది. తీసినవాటిని వేరే డిస్క్‌లో పెట్టుకోవాలి, అదే డిస్క్‌లో పెడితే బతికున్నవాటి మీదే రాసుకుంటాం. ఈసారి మాత్రం చేతులు వణుకుతూ చదివి మరీ చేశాను. రాత్రంతా తిరిగి ఫొటోలైతే బయటికి తెచ్చింది. ఫైళ్ల పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. ఎఫ్ అక్షరం, దాని వెనక పొడుగాటి అంకె, అంతే. ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ ఒకే కుప్ప. ఒక ఊరి పెళ్లికూతురు పక్కన ఇంకో ఊరి పెళ్లికొడుకు, వీళ్ల అప్పగింతల వెనక వాళ్ల స్నాతకం.

ఫొటో లోపల తీసిన తేదీ, టైము, కెమెరా పేరు దాగి ఉంటాయి. వాటినిబట్టి సర్దడం మొదలుపెట్టాం. తేదీతో సగం తేలింది. కానీ మంచి ముహూర్తమన్నాక ఒకే రాత్రి రెండు టీములూ రెండు పెళ్లిళ్లకు వెళ్తాయి, తేదీ ఒకటే, జీలకర్ర బెల్లం టైము కూడా అటూఇటూగా ఒకటే. అక్కడ కెమెరా పేరు ఆదుకుంది. ఒక కెమెరాలో లోపలి బ్యాటరీ అయిపోయి, గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. దానితో తీసిన పెళ్లంతా పాత సంవత్సరంలో జరిగినట్టు వేరేగా పడింది, ఆ పొరపాటే మాకు కలిసొచ్చింది. మిగిలినవి స్టూడియోలో డిజైనింగ్ చేసే అమ్మాయి మండపం పూలు చూసి, బ్రహ్మగారి ముఖం చూసి విడదీసింది. చీర రంగుతో పోల్చుదామని నేనంటే, "ముహూర్తం చీర, తలంబ్రాల చీర వేరే కదండీ" అని నా నోరు మూయించింది.

ఫొటోలు వచ్చాయి, వీడియోల దగ్గర దెబ్బతిన్నాం. పెద్ద ఫైలు డిస్క్‌లో ఒకేచోట ఉండకపోవచ్చు, ఖాళీ దొరికినచోటల్లా ముక్కలుగా ఉండొచ్చు. పట్టిక లేకపోతే ఆ ముక్కల వరస తెలియదు. ఒక కుటుంబం తాలూకు వీడియో జీలకర్ర బెల్లం దాకా బాగానే నడిచి, మంగళసూత్రం పైకెత్తి అందరికీ చూపిస్తున్న చోట చదరాలు చదరాలుగా విరిగి ఆగిపోయింది. మాంగల్యధారణ లేదు. మామయ్య ఆ ఇంటికి వెళ్లి వీడియో డబ్బులు తిరిగిచ్చి, డిస్క్ చెడిపోయిందని చెప్పి వచ్చాడు. నా పేరు ఎత్తలేదట. అత్తయ్య చెప్పింది. దాని గురించి ఆయన నాతో ఇంతవరకు మాట్లాడలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ దెబ్బతో నేను పూర్తిగా అటువైపు తిరిగిపోయాను. ఏం చెడినా వైరే, పోర్టే, కరెంటే. మా పక్కింటి పెద్దాయన రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. పెన్షన్ ఆగకుండా ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో ఇంటి నుంచే ఇచ్చే వీలొచ్చింది, ఆయన వేలిముద్ర యంత్రం కూడా కొనిపెట్టుకున్నారు. ఆ ఏడు యంత్రం మొరాయించింది. తగిలించగానే ఎర్రగా వెలుగుతుంది, పరీక్షకు నేను వేలు పెడితే తీసుకుంటుంది. ఈలోగా గార్డు గారు కళ్లజోడు వెతుక్కుని, ఆధార్ నంబరు చూసి కొట్టి, చేతులు పంచెకు తుడుచుకుని వేలు పెట్టేసరికి లైటు ఆరిపోతుంది. "నా వేలంటే దీనికి గిట్టదు బాబూ" అంటారాయన.

నేను కేబుల్ మార్చాను. పోర్టు మార్చాను. మా ఇంటినుంచి అడాప్టర్ ఉన్న హబ్ తెచ్చాను. డివైస్ మేనేజర్ జోలికి పోనని ఒట్టుపెట్టుకున్నవాడిలా మిగతావన్నీ చేశాను. తీరా చూస్తే జబ్బు అక్కడే ఉంది. కాసేపు పని లేకపోతే యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చి బ్యాటరీ మిగుల్చుకునే అలవాటు విండోస్‌కి ఉంది. కొన్ని పరికరాలు ఆ నిద్రలోంచి లేవవు. యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అన్నచోట, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అని ఒక టిక్ ఉంటుంది. అది తీసేస్తే గార్డు గారి వేలంటే యంత్రానికి గిట్టడం మొదలైంది. కదిపితే పోయేది వైరు జబ్బు, కదపకుండా కూర్చుంటే పోయేది నిద్ర జబ్బు అని అప్పుడు తోచింది. ఈ తేడా గమనించడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం చాలు. అదే నాకు చేతకానిది. తర్వాత ఫోన్‌లో ముఖం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది, ఇప్పుడు గార్డు గారి మనవడే ఆ పని చేసి పెడుతున్నాడు. ఆ యంత్రం నాకే ఇచ్చేశారు, ఎందుకో తెలియదు.

వైర్‌లెస్ మౌస్ సంగతి చిన్నదే. బాణం తెర మీద ఆగి ఆగి గెంతుతుంటే బ్యాటరీలు మార్చాను, మౌస్ ప్యాడ్ మార్చాను, చివరికి మౌసే మార్చాను. కొత్త మౌసూ గెంతింది. దాని బుల్లి రిసీవర్ పక్కనే నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్‌డిస్క్ ఉంది. 3.0 పరికరాలు, కేబుళ్ల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు అడ్డొస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం రాసి పెట్టింది. మౌస్ మాట్లాడేది సరిగ్గా ఆ తరంగాల మీదే. రిసీవర్‌ని అవతలి వైపు పోర్టులోకి మార్చితే పాత మౌస్ కూడా వెన్నలా జారింది. రెండు మౌస్‌లూ ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే ఇస్తాను.

కరోనా రోజుల్లో మా ఆవిడ ఇంటి నుంచి పాఠాలు చెప్పేది. యూఎస్‌బీ మైకులో జుమ్మని ఒకటే రొద. వెనక బెంచీ పిల్లలు "మేడమ్, తేనెటీగలా?" అని అడిగేవారట. మైకు మార్చుదామని నేను ఆర్డర్ పెట్టబోతుంటే, "ఛార్జర్ తీసేస్తే రావట్లేదండీ" అంది. నిజమే, తీస్తే పోతుంది, పెడితే వస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లోహపు మూత మీద వేళ్లు ఆనిస్తే చిమచిమలాడేది. అద్దె ఇల్లు. గోడలో మూడు రంధ్రాల సాకెట్ ఉందిగానీ, ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే పైనున్న పెద్ద రంధ్రం వెనక ఎర్త్ తీగే లేదు. ఆ రంధ్రం అలంకారం. వైరు లాగించాక కూడా ఎండాకాలంలో మళ్లీ సన్నగా మొదలైంది. ఇంటివారు వచ్చి, పెరట్లో బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుందని దాంట్లో నీళ్లు పోయించారు. రొద తగ్గింది. యూఎస్‌బీ మైకు బాగుచెయ్యడానికి పెరట్లో బిందెతో నీళ్లు పొయ్యాలని ఏ కోర్సులోనూ చెప్పరు.

ఇప్పుడు ఎవరైనా పిలిస్తే ముందు సౌండ్ పెంచుతాను. తగిలించినప్పుడు చప్పుడు వచ్చిందంటే ల్యాప్‌టాప్ చెవిన ఏదో పడినట్టే, ఆ తర్వాతి వెతుకులాట లోపల. చప్పుడు వచ్చి, డిస్క్ మాత్రం కనపడకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తాను, ఒక్కోసారి దానికి డ్రైవ్ అక్షరం దక్కక బయటే నిలబడి ఉంటుంది. చప్పుడే లేకపోతే తెర వైపు చూడను. అదే పరికరం, అదే కేబుల్ ఇంకో ల్యాప్‌టాప్‌కి తగిలిస్తాను. అక్కడ పనిచేస్తే కేబుల్, పరికరం రెండూ నిర్దోషులు. చెయ్యకపోతే కేబుల్ ఒక్కటే మార్చి చూస్తాను. ఒకేసారి రెండు మార్చితే బాగుపడినా దేనివల్లో తెలియదు, మళ్లీ చెడినప్పుడు మొదటికొస్తాం. ఫోన్ టార్చ్ వేసి పోర్టు లోపలికి చూడడం ఒకటి అలవాటు చేసుకున్నాను. బ్యాగులో పెట్టి తిప్పే ల్యాప్‌టాప్‌ల టైప్-సి రంధ్రాల్లో నూగు, బిస్కట్ పొడి గట్టిగా కూరుకుపోయి ఉంటుంది. షట్‌డౌన్ చేసి చెక్క పుల్లతో మెల్లగా తీస్తే ఎన్నో 'చచ్చిపోయిన' పోర్టులు లేచి కూర్చుంటాయి. గుండుసూది మాత్రం పెట్టకండి, అక్కడ 5 వోల్టుల పట్టీ ఉంది. ఇంకొకటి: విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వచ్చాక షట్‌డౌన్ చేసి తెరిస్తే పాత గందరగోళం కొంత అలాగే మిగిలిపోవచ్చు. రీస్టార్ట్ కొడితేనే పూర్తిగా తాజాగా మొదలవుతుంది. ఈ ఒక్క విషయంలో నా పాత అలవాటు తప్పు కాదని తేలినందుకు కొంచెం ఊరట.

మామయ్య ఇప్పుడు సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడుతున్నాడు. ప్రతి పెళ్లీ రెండు డిస్కుల్లో ఎక్కాకే కార్డు ఖాళీ చేస్తారు. అవి రెండూ బీరువాలో ఉంటాయి, తాళం అత్తయ్య దగ్గర. నేను వెళ్తే కాఫీ ఇస్తారు, తాళం ఇవ్వరు.

మొన్న మాత్రం మళ్లీ ఫోన్ చేశాడు. ప్రింటర్ పనిచెయ్యడం లేదట. ప్రింట్ కొడితే ఎక్కడికి పోతోందో తెలియదు, కాగితం కదలదు. వెళ్లి చూస్తే లిస్టులో అదే ప్రింటర్ పేరు, దాని కింద కాపీ 1, కాపీ 2, కాపీ 3. ప్రింటర్‌ని ఒక్కో పోర్టులో పెట్టినప్పుడల్లా విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని ఇంకో పేరుతో చేర్చుకుంటుంది. మిషనేమో ఖాళీగా ఉన్న పాత పోర్టుకే బుద్ధిగా పంపిస్తూ ఉంటుంది.

"ఇన్నిసార్లు పోర్టు ఎందుకు మార్చారు మామయ్యా?" అని అడిగాను.

"నువ్వే కదరా అన్నావు, ఏది చెడినా ముందు పోర్టు మార్చి చూడమని."